మూజువాణి ఓటులో మా ఎంపీ ఎటు? ఒక ప్రతిపక్ష సభ్యుడి ఐదేళ్ల సభా రికార్డుపై కేస్ స్టడీ

నేపథ్యం

ఇది 17వ లోక్‌సభ కాలం నాటి కేసు, అంటే 2019 జూన్ నుంచి 2024 ఫిబ్రవరి వరకు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒకదాని నుంచి గెలిచి, కేంద్రంలో అధికార కూటమికి బయట ఉన్న ఒక ఎంపీ సభలో ఏం చేశారో రాసిపెట్టమని మా బృందాన్ని అడిగారు. ఓట్లు, ప్రసంగాలు, ప్రశ్నలు, ఈ మూడూ కావాలన్నారు. ఆయన పేరు, పార్టీ, నియోజకవర్గం ఇక్కడ చెప్పను. కొన్ని ఓటింగుల్లో ఆయన ఎటు వేశారో కూడా కావాలనే వదిలేస్తున్నాను. అది చెబితే పార్టీ తెలిసిపోతుంది, పార్టీ తెలిస్తే మనిషిని పట్టుకోవడం పెద్ద పనేం కాదు.

అడిగింది ఆ నియోజకవర్గంలోని ఒక రైతు సంఘం. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఎంపీ మనుషులు "పార్లమెంటులో వందల ప్రశ్నలు సంధించిన నాయకుడు" అని కరపత్రాలు పంచారు. ఎదుటివాళ్లు "ఐదేళ్లూ నోరు తెరవని ఎంపీ" అని ఫ్లెక్సీలు కట్టారు. ఊళ్లో గొడవంతా ఈ రెండింట్లో ఏది అబద్ధమని. నిజానికి రెండూ ఒకేసారి నిజం కావచ్చు. స్టార్ గుర్తున్న ప్రశ్నలకు మంత్రి సభలో నోటితో జవాబు చెబుతారు, స్టార్ గుర్తు లేని వాటికి జవాబు కాగితం మీదే వస్తుంది. అలాంటివి వందలు వేసిన సభ్యుడు సభలో లేచి ఒక్క మాటా మాట్లాడకపోవచ్చు.

సమస్య

సంఘం పెద్దాయన మాత్రం ఆ గొడవ జోలికి పోలేదు. "మాకు మార్కులు, ర్యాంకులు అక్కర్లేదు సార్. ఆ మూడు రైతు చట్టాలప్పుడు మా ఎంపీ ఎటు ఓటేశాడో ఒక్క ముక్క చెప్పండి చాలు" అన్నారు.

వినడానికి సులువైన ప్రశ్నే. జవాబు మాత్రం ఎవరి దగ్గరా లేదు. 2020 సెప్టెంబర్‌లో ఆ మూడు బిల్లులూ లోక్‌సభలో మూజువాణి ఓటుతోనే గట్టెక్కాయి. నిత్యావసర సరుకుల సవరణ 15న, మిగతా రెండూ 17న. మరుసటి ఏడాది నవంబర్ 29న వాటిని రద్దు చేసిన బిల్లు కూడా చర్చ లేకుండా మూజువాణితోనే అయిపోయింది. మూజువాణి అంటే ఏమిటో తెలుగువాళ్లకి చెప్పాల్సిన పని లేదు. 2014 ఫిబ్రవరి 18న రాష్ట్ర విభజన బిల్లు, టీవీ ప్రసారం ఆగిపోయిన సభలో, అలాగే పాసయింది. అనుకూలురు ఔనంటారు, వ్యతిరేకులు కాదంటారు, ఏ గొంతు పెద్దదో స్పీకర్ చెబుతారు. ఎవరి పేరూ ఎక్కడా ఎక్కదు.

పేర్లు ఎక్కాలంటే డివిజన్ జరగాలి. స్పీకర్ చెప్పిన ఫలితాన్ని ఎవరైనా సవాలు చేస్తే గంట మోగుతుంది, మూడున్నర నిమిషాల తర్వాత లాబీ తలుపులు మూసి మీటలతోనో, చీటీలతోనో ఓట్లు తీసుకుంటారు. అప్పుడు ఎవరు ఎటు వేశారో ప్రొసీడింగ్స్‌లో పేర్లతో అచ్చవుతుంది. రాజ్యాంగ సవరణ బిల్లులకు ఇది తప్పనిసరి. మామూలు బిల్లులకు కాదు. పైగా డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్ భావిస్తే, సభ్యుల్ని ఉన్నచోటే నిలబెట్టి తలలు లెక్కపెట్టి తేల్చేయొచ్చు. ఆ లెక్కలో పేర్లుండవని నిబంధనే చెబుతోంది.

అధికార పక్ష సభ్యుడి విషయంలో ఈ లోటు అంతగా బాధించదు. బిల్లు పాసయిందంటే ఆయన అటే ఉన్నాడని జనం అనుకుంటారు, చాలావరకు అది నిజమే. బాధ ప్రతిపక్ష సభ్యుడి దగ్గరే. ఆయన కాదన్నాడా, ఊరుకున్నాడా, బయటికి వెళ్లిపోయాడా, అసలు ఢిల్లీలోనే లేడా? ఈ నాలుగూ రికార్డులో ఒకేలా కనిపిస్తాయి, అంటే ఏమీ కనిపించవు.

ముందు చేసినవి, అవి ఎందుకు ఆగిపోయాయి

మొదట, చట్టసభల పనిని గమనించే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ పెట్టే ఎంపీల పట్టిక తీసుకున్నాం. హాజరు, చర్చలు, ప్రశ్నలు, ప్రైవేటు మెంబర్ బిల్లులు, పక్కనే జాతీయ సగటు, రాష్ట్ర సగటు అన్నీ ఉంటాయి. నమ్మకమైన లెక్క, సమయం కలిసొస్తుంది. కానీ మా పనికి అది చాలదని త్వరగానే తేలింది. ఓట్లు అందులో లేవు. అప్పట్లో హాజరంటే రిజిస్టర్‌లో సంతకం. దినభత్యం కోసం చేసే ఆ సంతకం, సభ్యుడు ఆ రోజు సభలో ఐదు నిమిషాలున్నాడో ఐదు గంటలున్నాడో చెప్పదు. చర్చల సంఖ్యకొస్తే, బిల్లుకి మొత్తం ఎంత సేపన్నది బిజినెస్ అడ్వైజరీ కమిటీ తేలుస్తుంది, అందులో ఏ పార్టీ వాటా ఎంతన్నది సభలో దాని బలాన్ని బట్టి ఉంటుంది. చిన్న పార్టీకి దక్కే ఆ నాలుగు నిమిషాలూ సాధారణంగా సభలో ఆ పార్టీ నాయకుడికే (ఫ్లోర్ లీడర్) పోతాయి. వెనక బెంచీ సభ్యుణ్ణి జాతీయ సగటు పక్కన నిలబెట్టి తక్కువ మాట్లాడాడనడం సబబు కాదు. పట్టికలో తప్పేం లేదు, అది మా ప్రశ్నకు జవాబుగా తయారైంది కాదు, అంతే.

తర్వాత లోక్‌సభ చర్చల పూర్తి పాఠంలో ఆయన పేరుతో వెతికాం. ఇక్కడ తలనొప్పులు వేరు. తెలుగు పేర్లలో ఇంటిపేరు ఒకసారి పొడి అక్షరంగా, ఒకసారి పూర్తిగా ఉంటుంది. హిందీలో మాట్లాడిన రోజు సభ్యుడి పేరు దేవనాగరిలో అచ్చవుతుంది, ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో వెతికితే ఆ రోజు ఆయన లేనట్టే. తెలుగులో మాట్లాడితే అచ్చులో దొరికేది అనువాదం, తెలుగులో చేసిన ప్రసంగానికి ఇది అనువాదమని అడుగున ఒక గమనిక ఉంటుంది. వీడియోలో నిలదీసినట్టు వినిపించిన వాక్యం ఆ అనువాదంలో మర్యాదస్తుడి విన్నపంలా మారిపోయింది. ప్రసంగాల సారాంశం రాసేవాళ్లు అసలు మాట వినకుండా అచ్చు పాఠాన్ని నమ్ముకోకూడదని మేం నియమం పెట్టుకున్నది అక్కడే.

ఇంకో చిక్కు, పేరు కనిపించిన ప్రతిచోటా ప్రసంగం ఉండదు. అత్యవసర అంశాలు లేవనెత్తే జీరో అవర్‌లో ఒకరు చెప్పిన అంశంతో మేమూ ఏకీభవిస్తున్నామని చీటీ పంపిన వాళ్ల పేర్లు వరుసగా అచ్చవుతాయి. టైము చాలక రాతపూర్వకంగా సభ ముందుంచిన ప్రసంగాలుంటాయి. 377వ నిబంధన కింద ఇచ్చిన అంశాలు కూడా చాలాసార్లు చదవకుండానే సభ ముందుంచినట్టు భావిస్తారు. అనుచరుల లెక్కలో ఇవన్నీ "పార్లమెంటులో గళమెత్తారు" కిందికే వస్తాయి. మేం వీటిని వేటికవి విడగొట్టాం. లేచి మాట్లాడినవి, రాసిచ్చినవి, పేరు కలిపినవి. విడగొట్టాక మొదటి వరస కరపత్రంలోని దానికంటే చాలా పొట్టిగా తేలింది, కానీ ఫ్లెక్సీ చెప్పినంత ఖాళీగా మాత్రం లేదు.

వీడియోలన్నీ చూద్దామని బృందంలో ఒకరన్నారు. ఐదేళ్ల సభని కూర్చుని చూడటం అయ్యే పని కాదు. అనుమానం వచ్చిన చోట సరిచూసుకోవడానికే వాటిని వాడాం.

పని చేసిన పద్ధతి

మలుపు ఎక్కడొచ్చిందంటే, వివరాలు నింపుకునే షీట్‌ని సభ్యుడి వైపు నుంచి కట్టడం మానేసి సభ వైపు నుంచి కట్టడం మొదలుపెట్టినప్పుడు. ముందు గడుల్లో సభ్యుడి ఊసే ఉండదు. ఆ రోజు ఏ బిల్లు, ఓటు ఎలా తీసుకున్నారు, డివిజన్ ఎవరైనా అడిగారా, ఆయన పార్టీకి ఎంత సమయం దక్కింది, అది ఎవరికిచ్చారు. ఇవన్నీ నింపాకే చివరి గడిలో ఆయన. అంటే ఆయన చేసినదాని కంటే ముందు, చేయడానికి ఆ రోజు ఆయనకు దొరికిన అవకాశాన్ని రాశాం. అవకాశమే లేని చోట సున్నా వేస్తే అది అబద్ధం. అవకాశం ఉండి వాడుకోని చోట ఖాళీ వదిలితే అదీ అబద్ధమే.

ఉదాహరణకి 2020 వానాకాల సమావేశాల్లో కరోనా పేరుతో ప్రశ్నోత్తరాల సమయమే ఎత్తేశారు, రాతపూర్వక జవాబులు మాత్రం ఉంచారు. ఆ సమావేశాల్లో స్టార్ ప్రశ్న అడగని సభ్యుణ్ణి తప్పుపట్టడానికేం లేదు. 2023 మార్చిలో సభ రోజుల తరబడి స్తంభించి, శాఖల పద్దులన్నీ చర్చ లేకుండానే ఆమోదం పొందాయి. ఆ ఏడాది బడ్జెట్ చర్చల్లో ఆయన మాట్లాడలేదని రాసేముందు ఈ సంగతి పక్కన ఉండాలి. 2023 డిసెంబర్‌లో రెండు సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యుల్ని సస్పెండ్ చేశారు, సస్పెండైన వాళ్ల పేరుమీద ఉన్న ప్రశ్నల్ని జాబితా నుంచి తీసేశారు. మా సభ్యుడు అందులో ఉన్నారో లేదో ఇక్కడ అనవసరం. ప్రశ్నల జాబితా అచ్చయిన రోజే ఒక కాపీ దాచుకోవడం మాత్రం అప్పటి నుంచి మా పనిలో భాగమైంది.

ఓట్ల గడిలో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు వాక్యాలు రాయకుండా కొన్ని మాటలే వాడాలని కట్టడి చేశాం. అనుకూలం, వ్యతిరేకం, తటస్థం, డివిజన్ జరిగింది కానీ ఓటు లేదు, డివిజన్ జరగలేదు, పార్టీ వాకౌట్, సస్పెన్షన్. వాకౌట్ దగ్గర మా మధ్యే వాదన నడిచింది. సభ రికార్డులో ఫలానా సభ్యుడు, మరికొందరు సభ్యులు ఈ దశలో సభ నుంచి వెళ్లిపోయారని ఒక లైను ఉంటుంది. పేరుండేది ముందు నడిచిన ఒక్కరిదే. ఆ మరికొందరిలో మనవాడున్నాడా? వీడియోలో కనిపిస్తే రాశాం, కనిపించకపోతే "పార్టీ వాకౌట్, సభ్యుడి సంగతి నమోదు కాలేదు" అని ఉంచాం. వాకౌట్ అంటే గైర్హాజరే కదా అని ఫ్లెక్సీ పక్షం వాళ్లు అన్నారు. ఒప్పుకోలేదు. వాకౌట్ చేయాలంటే ముందు సభలో ఉండాలి.

ఆఖరికి అవిశ్వాస తీర్మానం కూడా ఓటు లెక్క మిగల్చకపోవచ్చు. అంతకుముందు లోక్‌సభలో, 2018 జూలై 20న టీడీపీ పెట్టిన తీర్మానం 126-325తో వీగిపోయింది, ఎవరెటో రికార్డులో ఉంది. 2023 ఆగస్టు 10న మణిపుర్ విషయంలో పెట్టినది, ప్రధాని సమాధానమిస్తుండగా ప్రతిపక్షం వాకౌట్ చేయడంతో మూజువాణితో వీగిపోయింది. ఐదేళ్లలో అతి పెద్ద రాజకీయ ఓటింగ్ అనదగ్గ చోట మా షీట్‌లో "డివిజన్ జరగలేదు" అనే ఉంది.

డివిజన్ జరిగిన చోట్ల కూడా ప్రతిపక్షం అంటే వ్యతిరేకమే అనుకుంటే బోల్తా పడతాం. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ బిల్లు లోక్‌సభలో 311-80తో నెగ్గింది. అప్పుడు ఎన్డీయేలో లేని వైఎస్సార్‌సీపీ, టీడీపీ రెండూ అనుకూలంగా వేశాయి, టీఆర్‌ఎస్ వ్యతిరేకంగా వేసింది. 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకి 454 మంది ఔనంటే కాదన్నది ఇద్దరే. ఇంకో మాట, ఇటే ఓటేయాలని పార్టీ ఆదేశం (విప్) జారీ అయితే సభ్యుడి ఓటు పార్టీ గురించి చెప్పేదే ఎక్కువ. విప్ ధిక్కరిస్తే రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వమే పోవచ్చు. ఎంపీల్ని ఓట్లతోనే తూచాలనే వాళ్లు ఈ సంగతి మర్చిపోతుంటారని నా ఫిర్యాదు.

మరి మూజువాణి బిల్లుల్లో సభ్యుడి వైఖరి తెలిసేదెలా? మాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఎవరూ లెక్కపెట్టని ఒక చోటు, బిల్లు క్లాజులపై ప్రతిపక్ష సభ్యులిచ్చే సవరణలు. క్లాజులవారీగా ఓటింగ్ జరిగేటప్పుడు సవరణ ఎవరిదో, ఏ పదం తీసి ఏ పదం పెట్టమన్నారో అచ్చులో ఉంటుంది, ఆ వెంటనే అది తిరస్కరణకు గురైందని ఒక లైను. తిరస్కరణ అందరికీ తెలిసిందే, మనక్కావలసింది సవరణ ఇచ్చిన పేరు, దాని పాఠం. ఆర్డినెన్సుల స్థానంలో వచ్చిన బిల్లులైతే, ఆర్డినెన్సుని నిరసిస్తూ ఇచ్చే తీర్మానాల కిందా పేర్లుంటాయి. మా సభ్యుడు రైతులతో సంబంధం లేని ఒక బిల్లుపై ఇలా సవరణలిచ్చారు. చదివి చూస్తే ఎవరో కూర్చుని శ్రద్ధగా రాసినవి. ఆ సంగతి ఆయన కరపత్రంలో లేదు!

ప్రశ్నల సంగతి

ప్రశ్నల సంఖ్యలో అదృష్టం పాలు చాలా ఉంటుంది. లోక్‌సభలో ఒక సభ్యుడు ఒక రోజుకి ఐదు నోటీసుల వరకు ఇవ్వొచ్చు. స్టార్ ప్రశ్నలు రోజుకి 20, స్టార్ లేనివి 230. వచ్చే నోటీసులు అంతకంటే ఎక్కువే ఉంటాయి కాబట్టి లాటరీ తీస్తారు. లాటరీలో పోయినవి మనకు కనిపించవు. ఇక ఒకే అంశంపై వేరువేరు రాష్ట్రాల సభ్యులిచ్చిన ప్రశ్నల్ని కలిపేస్తే, ఒక్క జవాబు కాగితం నెత్తిన పేర్ల వరస ఉంటుంది, అందరి ఖాతాలోనూ ఒక్కో ప్రశ్న పడుతుంది.

అందుకని సంఖ్య పక్కన పెట్టి, అంశాలవారీగా గొలుసులు కట్టాం. ఒక అంశంపై మొదటి ప్రశ్న, దాని జవాబు, ఆ జవాబు చదివి అడిగిన తర్వాతి ప్రశ్న, ఇలా. ఒక రైల్వే ఓవర్‌బ్రిడ్జి గొలుసు బాగా గుర్తుంది. మొదటి జవాబులో పని మంజూరైందని ఉంది. తర్వాతి ప్రశ్న నేరుగా ఖర్చులో రాష్ట్రం వాటా ఏమైందని అడిగింది. ఇంకోసారి జవాబు "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం". ఇలాంటి జవాబుని ఊరికే వదిలేయకూడదు. అది ప్రభుత్వ హామీ కింద లెక్క, మూడు నెలల్లో తీర్చాలి, తీర్చకపోతే హామీల కమిటీ వెంటపడుతుంది. మేం ఆ హామీ ఎప్పుడు తీరిందో వెతికి గొలుసులో చేర్చాం. ముందు జవాబు చదవకుండా ఆ రెండో ప్రశ్న పుట్టదు. ఆయన ఆఫీసులో చదివే మనిషి ఉన్నారని మాకు నమ్మకం కుదిరింది.

దీనికి పూర్తి విరుద్ధంగా పంటల బీమా. రెండు తెలుగు రాష్ట్రాలూ 2020లో కేంద్ర ఫసల్ బీమా నుంచి బయటికొచ్చాయి, ఆంధ్రప్రదేశ్ 2022 ఖరీఫ్‌కి తిరిగి చేరింది. ఈ మధ్యకాలంలో రైతు అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఆయన పేరుమీద ఉన్న ప్రశ్నలు మాత్రం పథకం వివరాలేమిటి, రాష్ట్రాలవారీ లబ్ధిదారులెందరు అన్న మూసలోనే ఉన్నాయి, జవాబుగా ప్రతిసారీ అనుబంధంలో ఒక పట్టిక. ఒక్కదానికీ కొనసాగింపు లేదు. సంఖ్యలో చూస్తే బీమా ప్రశ్నలే ఓవర్‌బ్రిడ్జి కంటే ఎక్కువ. సంఘం పెద్దాయన ఈ రెండు గొలుసులూ పక్కపక్కన చూసి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత బీమా కాగితం జిరాక్స్ తీయించుకున్నారు.

ప్రశ్నలు ఎవరు రాస్తారని ఎంపీ పీఏని ఫోన్‌లో అడిగితే, "అన్నా, అవన్నీ మమ్మల్ని అడక్కండి, మా సారే చూసుకుంటారు" అని తుంచేశారు. అప్పటికి ప్రశ్నల పోర్టల్ లాగిన్ బయటివాళ్లకిచ్చారన్న కేసులో తృణమూల్ ఎంపీ మహువా మొయిత్రాను లోక్‌సభ నుంచి బహిష్కరించి (2023 డిసెంబర్ 8) ఎంతో కాలం కాలేదు, కాబట్టి ఆ జంకు అర్థం చేసుకోదగ్గదే. రైతు చట్టాల గడి గురించి మాత్రం ఆయనే తిరిగి ఫోన్ చేశారు. "సార్ వ్యతిరేకించారన్నా, ప్రెస్‌మీట్ పెట్టి మరీ చెప్పారు. మీరు నమోదు కాలేదని రాస్తే ఎలా?" అని. ఆ ప్రెస్‌మీట్‌ని తేదీతో సహా వేరే గడిలో చేర్చాం, పైన "సభ బయట" అని రాశాం. ఓటు గడి మార్చలేదు. ఆ బిల్లుల చర్చలో ఆ పార్టీ సమయం ఇంకొకరికి వెళ్లింది, అదీ రాశాం.

షీట్ చదివి వినిపించినప్పుడు పెద్దాయన ఇంకో ప్రశ్న వేశారు. "అరిచి ఊరుకోకుండా, డివిజన్ కావాలని మా ఎంపీయే అడగొచ్చుగా?" అడగొచ్చు. స్పీకర్ మాటను సవాలు చేయడానికి ఏ సభ్యుడైనా చాలు. అడిగినా దక్కుతుందన్న భరోసా లేదు. అవే రైతు బిల్లులప్పుడు 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో ప్రతిపక్షం డివిజన్ అడిగినా జరగలేదు. అయినా అడిగిన సభ్యుడు, అడగని సభ్యుడు ఒకటి కాదు. "డివిజన్ ఎవరైనా అడిగారా" అని ఉన్న గడిని ఆ సాయంత్రమే రెండుగా చీల్చి, "మన సభ్యుడు అడిగారా" అన్నది చేర్చాం. దాన్ని నింపడానికి మాత్రం వీడియోలు చూడక తప్పలేదు, ఎందుకంటే గందరగోళంలో వినిపించే ఆ కేకలు అచ్చులో "అంతరాయాలు" అన్న ఒక్క మాటలో కలిసిపోతాయి.

నేర్చుకున్నవి, మిగిలిపోయినవి

స్థాయీ సంఘాల (బిల్లులు, శాఖల పని పరిశీలించే ఎంపీల కమిటీలు) పని ఈ షీట్‌లోకి తేలేకపోయాం. ఎంపీలు నిజంగా ఫైళ్లు చదివేది అక్కడే అంటారు, కానీ సమావేశాలు గోప్యం. నివేదికల వెనక జతచేసే మినిట్స్‌లో ఎవరు వచ్చారో దొరుకుతుంది, అసమ్మతి పత్రం ఇస్తే అదీ ఉంటుంది. వాటితో ఒక విడి పేజీ కట్టి, ప్రసంగాల లెక్కతో కలపకుండా ఉంచాం.

ఇదే పని చేయాలనుకునే వాళ్లకు నేను ముందుగా చెప్పేది, బిల్లుల జాబితా మొదట తయారు చేయండి, ఎంపీ పేరు తర్వాత. ప్రతి గడికీ ఆధారం ఏ తేదీ ప్రొసీడింగ్స్‌లో ఉందో పక్కనే రాయండి. పీఏ ఫోన్ చేసినప్పుడు మాకు అక్కరకొచ్చింది అదే. ఎన్నికల ముందు అడిగితే తొందర పెడతారు, సగం నింపిన షీట్ ఇవ్వకండి.

ఫలితం ప్రకటించగానే టీవీ తెరమీది అంకెని కూడా ఎక్కించకండి. 18వ లోక్‌సభలో, 2024 డిసెంబర్ 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టేటప్పుడు కొత్త భవనంలో తొలిసారి మీటలతో ఓటింగ్ జరిగింది. తెరమీద మొదట 220-149 కనిపించింది. చీటీలు కలిపాక తేలింది 269-198. మొదటి స్క్రీన్‌షాట్ పట్టుకుని మీ ఎంపీ ఓటెయ్యలేదట కదా అని ఆ సాయంత్రమే మాకు మెసేజ్‌లు వచ్చాయి. అచ్చు ప్రొసీడింగ్స్ వచ్చేదాకా ఆ గడి నింపబోమని అందరికీ ఒకే జవాబు పంపాం.